12 వేల లోపు ఎయిర్‌బ్రష్, కంప్రెసర్ – మొదటిసారి కొంటున్నా, ఏది తీసుకోవాలి?

రేణిగుంట_రెక్కలు:
అందరికీ నమస్కారం. నేను 1/72 (అసలు సైజులో 72వ వంతు) విమానాల మోడళ్లు చేస్తుంటా, ఇంతవరకు రంగులన్నీ చేతి కుంచెతోనే. పచ్చ, మట్టి రంగుల యుద్ధ విమానాలకి కుంచె బాగానే సాగింది. కానీ 2025 సెప్టెంబర్ 26న చండీగఢ్‌లో మిగ్-21కి వీడ్కోలు చెప్పినప్పటి నుంచి మంచి మిగ్-21 ఒకటి చేసి పెట్టుకోవాలని పట్టుదల వచ్చింది. 1/48 కిట్ తెచ్చుకున్నా. తొలి రోజుల్లో మన వాయుసేనలో తిరిగిన ఆ వెండి రంగు వేయాలి, పెయింటు పూసినట్టు కాదు, ఒట్టి లోహం లాగా కనబడాలి. అది కుంచెతో అయ్యే పని కాదు, ఎంత పల్చగా కలిపినా గీతలు వెలుతురులో పట్టిస్తాయి.

బడ్జెట్ మొత్తం 12 వేలు. పెన్ను (గాలితో రంగు చల్లే ఎయిర్‌బ్రష్), దానికి గాలినిచ్చే కంప్రెసర్, పైపు, మాస్కు అన్నీ అందులోనే రావాలి. ఆన్‌లైన్‌లో 1500కి పెన్ను కనబడుతోంది, అదే ఆకారంలో దానికి పదింతల ధరది కూడా ఉంది, ఫోటోలు పక్కపక్కన పెట్టి చూస్తే తేడా తెలియడం లేదు. ఇంకోటి, పెన్ను కిందే చిన్న బ్యాటరీ కంప్రెసర్ ఉండే రకం, వైరు లేకుండా, చాలా తక్కువలో వస్తోంది, అది తీసుకుంటే అన్నీ తీరిపోతాయి కదా అనిపిస్తోంది. మేముండేది పై వాటా, కింద ఓనర్ వాళ్లుంటారు, నాకు రాత్రిపూట తప్ప టైమ్ దొరకదు, కాబట్టి శబ్దం గురించి కూడా టెన్షన్ ఉంది. నాజిల్ (రంగు బయటికొచ్చే సన్నటి రంధ్రం) 0.2 ఎంఎం తీసుకోవాలా 0.3 తీసుకోవాలా అనేది కూడా చెప్పండి.

కొర్లగుంట_కిట్లు:
తమ్ముడూ, అందరూ పెన్ను దగ్గర మొదలుపెడతారు. నేను కంప్రెసర్ దగ్గర మొదలుపెట్టమంటా. 12 వేలలో ముప్పాతిక వంతు దానికే పోనీ. పెన్ను రేపు మార్చుకోవచ్చు, కంప్రెసర్ ఒకసారి సరిగ్గా కొంటే ఎన్ని పెన్నులు మారినా అదే ఉంటుంది.

కంప్రెసర్‌లో చూడాల్సింది ట్యాంక్. ఏఎస్-186 అని ఒక రకం అమ్ముతారు, 3 లీటర్ల ట్యాంక్, నూనె అక్కర్లేనిది, గాలి ఒత్తిడి 4 బార్‌కి చేరగానే అదే ఆగిపోతుంది, 3కి పడగానే మళ్లీ అదే మొదలవుతుంది. ఒకే డిజైన్‌ని ఎన్నో పేర్లతో అమ్ముతారు కాబట్టి పేరు పట్టుకుని వేలాడొద్దు. ట్యాంక్ ఎందుకంటే, అది లేని చిన్న కంప్రెసర్లలో పిస్టన్ కొట్టే ప్రతి దెబ్బా గాలిలో వణుకులాగా వస్తుంది, సన్నటి గీత లాగుతున్నప్పుడు ఆ వణుకు రంగులో కనబడుతుంది. పైగా అవి పని చేసినంతసేపూ ఆగకుండా తిరుగుతాయి, వేడెక్కుతాయి, మధ్యలో ఆపి చల్లారనివ్వాలి. ట్యాంక్ ఉంటే మోటార్ కాసేపు తిరుగుతుంది, ఆ తర్వాత చాలాసేపు నిశ్శబ్దంగా రంగు వేసుకోవచ్చు. నీ ఓనర్ సమస్యకి కూడా ఇదే మందు. కింద మందంగా రబ్బరు మ్యాట్ వెయ్యి, గోడకి ఆనించకు, నేల ద్వారా కిందికి వెళ్లే అదురు తగ్గిపోతుంది.

పెన్ను విషయానికి వస్తే, గ్రావిటీ ఫీడ్ (రంగు కప్పు పైన ఉండేది), డబుల్ యాక్షన్ (గాలి, రంగు వేలితో వేర్వేరుగా వదిలేది), 0.3. ఈ మూడూ ఉంటే చాలు. 130 అనే నంబరుతో వచ్చే చైనా పెన్నులు ఈ రకమే, నేర్చుకోవడానికి ధారాళంగా సరిపోతాయి. 0.2 ఇప్పుడొద్దు. సన్నగా వస్తుంది నిజమే, కానీ రంగు కాస్త చిక్కబడినా మూసుకుంటుంది, ప్రైమర్ (రంగుకి ముందు వేసే అడుగు పూత) వేయబోతే మరీ సతాయిస్తుంది.

భవానీనగర్_72:
అన్నతో నేను ఒప్పుకోను. చౌక పెన్ను నేర్చుకునేవాడికే పెద్ద శత్రువు. ఎందుకంటారా, రంగు ఉమ్మినట్టు పడితే అది తన చేతి తప్పో, కలిపిన రంగు తప్పో, నాజిల్ తప్పో కొత్తవాడికి తెలియదు. అనుభవం ఉన్నవాడు చైనా పెన్నుతో కూడా పని లాగించేస్తాడు, ఎక్కడ పిసరంత బిగించాలో అతనికి తెలుసు కాబట్టి. కొత్తవాడికే నమ్మకమైన పెన్ను కావాలి.

మిస్టర్ హాబీ వాళ్ల ప్రోకాన్ బాయ్ పీఎస్-289, జపాన్‌ది, 0.3 నాజిల్. లేదంటే స్పార్‌మ్యాక్స్ మ్యాక్స్-3, తైవాన్‌ది, అదీ 0.3. ఇవాటా నియో కూడా ఉంది, 0.35. వీటిలో ఏది కొన్నా ట్రిగ్గర్ నొక్కితే వెన్న మీద వేలు పెట్టినట్టు మెత్తగా దిగుతుంది, వెనక్కి లాగితే ఎంత లాగితే అంతే రంగు వస్తుంది. పెన్నుకి సగం డబ్బు పెట్టు, మిగతా సగంతో ట్యాంక్ లేని చిన్న కంప్రెసర్ తీసుకో. హోస్ కాస్త పొడుగుది వాడితే ఆ వణుకు చాలావరకు పైపులోనే తగ్గిపోతుంది. ట్యాంక్ తర్వాత అయినా తగిలించుకోవచ్చు.

కొర్లగుంట_కిట్లు:
> ట్యాంక్ తర్వాత అయినా తగిలించుకోవచ్చు

తగిలించుకోవచ్చు తమ్ముడూ, కాదనను. కానీ ఒక్క మాట. ఆ బ్రాండ్ పెన్నుకి నాజిల్ పగిలితే కొత్త నాజిల్ ఖరీదులో మొత్తం చైనా పెన్నే వచ్చేస్తుంది. మొదటిసారి విప్పి కడిగేటప్పుడే చాలామంది నాజిల్ విరగ్గొట్టుకుంటారు, అది బియ్యపుగింజంత ఉంటుంది, మర ఇంకా సన్నం. ఆ భయంతో వాడు పెన్ను విప్పి కడగడమే మానేస్తే, అప్పుడు ఎంత మంచి పెన్ను ఏం లాభం?

కాళహస్తి_కుంచె:
బ్యాటరీ పెన్ను గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెప్తా. నేను వాహన సేవల చిన్న బొమ్మలు చేస్తాను, గరుడ వాహనం, శేష వాహనం, హనుమంత వాహనం, మొత్తం మీద జానెడు ఎత్తు. మూల రంగు, నీడలు ఎయిర్‌బ్రష్‌తో వేసి నగలు, కళ్లు కుంచెతో దిద్దుతాను. నా దగ్గర మామూలు కంప్రెసర్‌తో పాటు ఆ వైరు లేనిది కూడా ఉంది.

అవి కేకుల వాళ్ల కోసం, మేకప్ వాళ్ల కోసం, గోళ్ల మీద డిజైన్లు వేసేవాళ్ల కోసం తయారైనవి. వాళ్ల రంగులు నీళ్లలాగా పల్చన, వాళ్లకి ఆ గాలి చాలు. మన రంగుకి గాలి ఎంత ఉందో తెలియాలి, తగ్గించుకోవాలి, పెంచుకోవాలి. అందులో చాలావాటికి రెగ్యులేటర్ ఉండదు, ఉన్నా మూడు మెట్లు అంతే. బ్యాటరీ తగ్గే కొద్దీ గాలి కూడా మెత్తబడుతుంది. పైగా ఆ బరువంతా చేతిలోనే, అరగంటకి మణికట్టు లాగేస్తుంది. కరెంటు పోయినప్పుడు ఒక బొమ్మకి వార్నిష్ పట్టించడానికి నాకు పనికొస్తోంది. మిగ్ లాంటి పెద్ద రెక్క మీద ఒకే మెరుపుతో లోహం రంగు పట్టించాలంటే మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. నా మాట విని అటు పోకండి.

రేణిగుంట_రెక్కలు:
చాలా థాంక్స్ అక్కా, అది లిస్టులోంచి కొట్టేశా. కొర్లగుంట అన్నా, సింగిల్ యాక్షన్ అయితే ఇంకా సులభం అంటున్నారు కదా, దాంతో మొదలుపెట్టకూడదా? ఆ పీఎస్‌ఐ లెక్కలు కూడా కొంచెం చెప్పండి, బార్ అని ఒకచోట, పీఎస్‌ఐ అని ఒకచోట రాస్తున్నారు.

కొర్లగుంట_కిట్లు:
1 బార్ అంటే 14.5 పీఎస్‌ఐ. మోడల్ పనికి మామూలుగా 15 నుంచి 20 పీఎస్‌ఐ మధ్య పెట్టుకుంటే సరిపోతుంది. సన్నటి పనికి రంగు బాగా పల్చన చేసి 10–12కి దించుకోవచ్చు, ప్రైమర్‌కి 20–25 దాకా పోవచ్చు. గాలి వదులుతూ గేజ్ చూసుకో. ట్రిగ్గర్ నొక్కకుండా 20 చూపించే గేజ్, నొక్కగానే 16కి పడిపోతుంది, మనకి కావాల్సింది ఆ పడిన అంకె.

సింగిల్ యాక్షన్‌లో ట్రిగ్గర్ నొక్కితే గాలీ రంగూ రెండూ కలిసి వస్తాయి, రంగు ఎంత రావాలో ముందే మరతో తిప్పి పెట్టుకోవాలి. ఒకే రంగు మొత్తం కొట్టేయడానికి అది బానే ఉంటుంది, అమెరికాలో పాషే హెచ్ అని ఒకటి ఎన్నో ఏళ్లుగా అలాగే పేరు తెచ్చుకుంది. కానీ డబుల్ యాక్షన్‌లో కిందికి నొక్కితే గాలి, వెనక్కి లాగితే రంగు, రెండూ వేర్వేరుగా నీ వేలి కింద ఉంటాయి. అలవాటు పడటానికి కొన్ని సాయంత్రాలు పడుతుంది. క్రమం ఎప్పుడూ ఒకటే: ముందు గాలి, తర్వాత రంగు, ఆపేటప్పుడు ముందు రంగు, చివర గాలి. ఇది వేలికి పట్టేదాకా నీళ్లలో కాస్త ఇంకు కలిపి పాత పేపర్ల మీద చుక్కలు, గీతలు, గళ్లు కొట్టు. తర్వాత ప్లాస్టిక్ చెంచాల మీద అసలు రంగు. చెంచాకి వంపు ఉంటుంది కాబట్టి విమానం ముక్కు మీద కొట్టినట్టే ఉంటుంది.

చిత్తూరు_చక్రాలు:
ఆలస్యంగా వచ్చా. నేను 1/24 కార్లు చేస్తా, మా షెడ్డులో నిజం కార్లకి కూడా రంగు వేస్తాం కాబట్టి గాలి సంగతి కొంచెం తెలుసు.

చాలామంది అడుగుతుంటారు, పంక్చర్ షాపుల్లో ఉండే బెల్టు కంప్రెసర్ సెకండ్ హ్యాండ్‌లో చవకగా దొరుకుతుంది కదా, అది వాడొచ్చా అని. గాలికి గాలే, కానీ అవి నూనెతో నడిచేవి. రింగులు అరిగిన పాతదైతే నూనె ఆవిరిలాగా గాలితో కలిసి వస్తుంది. ఆ తుంపర మోడల్ మీద పడితే రంగు అక్కడ నిలబడదు, చేప కన్ను లాగా గుండ్రంగా విడిపోతుంది. మా షెడ్డులో దానికి పెద్ద ఫిల్టర్లు పెడతాం, ఇంట్లో అంత అవసరమా? శబ్దం గురించి చెప్పనే అక్కర్లేదు, మీ ఓనర్ అదే రోజు పైకి వస్తాడు.

ఇంకో రకం ఉంది, పాత ఫ్రిజ్ కంప్రెసర్ విప్పి చేసుకునేది. నిజంగానే చప్పుడు చేయదు, ఫ్రిజ్ తిరిగినంతే. ఆటోనగర్‌లలో లారీ ఎయిర్ బ్రేక్ ట్యాంక్ దొరికితే దానికి కలుపుతారు. బాగా తెలిసినవాళ్లు చేస్తే ఏళ్లతరబడి నడుస్తుంది. కానీ ఒకటి గట్టిగా చెప్తా: ప్రెషర్ స్విచ్, సేఫ్టీ వాల్వ్ లేకుండా ఎవరూ చేయొద్దు, లోపల తుప్పు పట్టిన ట్యాంక్ వాడొద్దు, పాత గ్యాస్ డబ్బాలకి, పీవీసీ పైపులకి గాలి ఎక్కించే ఆలోచన కూడా వద్దు. పీవీసీ పగిలితే గాజు పెంకుల్లా ఎగురుతుంది. పిల్లలు తిరిగే ఇంట్లో అది పెట్టకండి.

సూళ్లూరుపేట_రాకెట్:
పీవీసీ అనగానే నేను రావాలి! నేను రాకెట్లు చేస్తా, శ్రీహరికోట మన తిరుపతి జిల్లాలోనే కదా, ప్రయోగం ఉన్నప్పుడల్లా మా మేడ మీది నుంచి చూస్తాం. పీఎస్‌ఎల్‌వీ కోర్ వ్యాసం 2.8 మీటర్లు, 72తో భాగిస్తే దాదాపు 39 మిల్లీమీటర్లు. హార్డ్‌వేర్ షాపులో దొరికే 40 ఎంఎం పైపు దాదాపు అచ్చంగా సరిపోతుంది. ఎత్తు 44 మీటర్లు, అంటే మోడల్ 61 సెంటీమీటర్లు. (గాలి ఎక్కించను అన్నా, రంగు మాత్రమే.)

నేను చెప్పేదేంటంటే, ఇంత పొడుగు తెల్ల రంగు 0.3తో వేస్తే తెల్లారిపోతుంది. తెలుపు అసలే మొండి రంగు, పైపు బూడిద రంగు కిందనుంచి కనబడుతూనే ఉంటుంది. నేను 0.5 నాజిల్ వాడతా. చైనా పెన్నులు కొన్ని 0.2, 0.3, 0.5 మూడు నాజిళ్లు, మూడు నీడిళ్లతో (నాజిల్ లోపల కూర్చునే సూదులు) వస్తాయి. మార్చేటప్పుడు నాజిల్, నీడిల్ జతగా మార్చాలి, ఒకదాని నీడిల్ ఇంకోదాంట్లో పెట్టకూడదు. పెద్ద కిట్లు చేసే ఉద్దేశం ఉంటే ఆ సెట్ చూడు. పైపుకి ముందు 400, తర్వాత 800 వాటర్ పేపర్ పట్టించాలి, లేకపోతే ప్రైమర్ ఊడి వచ్చేస్తుంది, ఇది ఎయిర్‌బ్రష్ సంగతి కాదనుకో.

భవానీనగర్_72:
మూడు నాజిళ్ల సెట్ల మీద నాకు నమ్మకం లేదు, నిజం చెప్తున్నా. ఒకే బాడీలో మూడు సైజులు కూర్చోబెట్టాలంటే ఎక్కడో ఒకచోట రాజీ పడతారు. 0.2 పెట్టి చూస్తే 0.3 లాగానే కొట్టినవి చాలా చూశా.

సూళ్లూరుపేట_రాకెట్:
0.5 దాకా నాకు ఇబ్బంది రాలేదు. 0.2 సంగతి నువ్వన్నదే కరెక్ట్ కావచ్చు, నేను దాన్ని డబ్బాలోంచి బయటికి తీయలేదు.

రేణిగుంట_రెక్కలు:
అన్నల్లారా, వినే కొద్దీ ధైర్యం వస్తోంది. కొర్లగుంట అన్న దారిలోనే పోదామనుకుంటున్నా, ట్యాంక్ కంప్రెసర్, చవక పెన్ను. పెన్ను ఇంటికి వచ్చాక ఏం చూసుకోవాలి? వారం లోపు వెనక్కి పంపొచ్చు అంటున్నారు కాబట్టి ముందే తెలిస్తే మంచిది. ఇంకో అనుమానం, మా వైపు అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా వానలు, తుఫాన్లు, గోడలే చెమర్చుతాయి. మేలో చూస్తే 42 డిగ్రీలు. ఈ రెండిట్లో ఎయిర్‌బ్రష్ ఎలా నడుపుతున్నారు మీరంతా?

కాళహస్తి_కుంచె:
పెన్ను వచ్చాక చూసుకోవాల్సినవి చెప్తా. నాకు ఒక ఆన్‌లైన్ అమ్మకందారు నుంచి వంకర నీడిల్‌తో వచ్చింది, ప్యాకెట్ విప్పేటప్పుడు వీడియో తీసి ఉంచాను కాబట్టే డబ్బు వెనక్కి వచ్చింది. నువ్వు కూడా తప్పకుండా వీడియో తియ్యి.

నీడిల్ బయటికి తీసి మొన మీద గోరు సుతారంగా ఆనించి తిప్పు. కొక్కెం ఉంటే గోరుకి తగులుతుంది. వంకర ఉంటే రంగు ఎప్పుడూ ఒక పక్కకే పోతుంది. నాజిల్‌ని భూతద్దంలో చూడు, అంచు గుండ్రంగా ఉండాలి, పగులు ఉండకూడదు. తర్వాత కప్పులో నీళ్లు పోసి గాలి వదులు. కప్పులో బుడగలు వస్తే నాజిల్ దగ్గర గాలి లీకవుతున్నట్టే. దానికి వెంటనే పానా పట్టుకుని బలంగా బిగించొద్దు, మర తెగిపోతుంది. నాజిల్ మర మీద కొంచెం తేనెమైనం రాసి వేళ్లతో పట్టినంత బిగించి, ఆపైన చిన్న పానాతో పిసరంత. బుడగలు ఆగుతాయి. అప్పటికీ ఆగకపోతే వెనక్కి పంపేయి.

లోపల నీడిల్ చుట్టూ ఉండే సీల్ టెఫ్లాన్‌ది అయ్యుండాలి. మామూలు రబ్బరు అయితే లాకర్ (ఘాటైన ద్రావకంతో చేసే రంగు) థిన్నర్‌కి ఉబ్బిపోతుంది, ట్రిగ్గర్ పట్టేసినట్టు అవుతుంది. ఏ పెన్నునైనా మొత్తంగా థిన్నర్‌లో నానబెట్టొద్దు, మంచి సీల్ ఉన్నా సరే.

కొర్లగుంట_కిట్లు:
వానాకాలం సంగతి. కంప్రెసర్ గాలిని నొక్కితే వేడెక్కుతుంది, ట్యాంకులోకి వచ్చి చల్లారగానే గాలిలోని తేమ నీళ్లయి అడుగున చేరుతుంది. నవంబర్‌లో తిరుపతి గాలికి ఇది ఎంత వస్తుందో చూస్తేనే నమ్ముతావు. ట్యాంక్ అడుగున డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, పని అయిపోగానే గాలి మిగిలి ఉండగానే అది విప్పి నీళ్లు కక్కించాలి. రెగ్యులేటర్ కింద గాజు గిన్నె లాంటి మాయిశ్చర్ ట్రాప్ ఉంటుంది, దాని పిన్ను నొక్కి అందులోదీ వదలాలి. అలాంటి రోజుల్లో పెన్ను దగ్గర ఇంకో చిన్న ట్రాప్ కూడా పెట్టుకుంటే మంచిది, పైపులో ప్రయాణం చేసేటప్పుడు చల్లారి నీళ్లయ్యేదాన్ని అది పడుతుంది. ఇవి లేకపోతే నిగనిగలాడే నల్ల రంగు మధ్యలో టప్పుమని ఒక నీటి చుక్క పడుతుంది, మొత్తం పోయినట్టే.

లాకర్ రంగులకి ఇంకో గొడవ. ద్రావకం ఆరేటప్పుడు ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, తడి గాలిలోని తేమ దాని మీద చేరి తెల్లగా పాలిపోతుంది. ఆ రోజుల్లో గ్లాసీ (నిగనిగలాడే) రంగులు వేయకుండా ఉండటమే మేలు, తప్పదంటే నెమ్మదిగా ఆరే లెవెలింగ్ థిన్నర్ వాడు.

ఎండాకాలం దీనికి పూర్తిగా ఎదురు. అక్రిలిక్ రంగు నీడిల్ మొన మీదే ఎండిపోతుంది, రంగు ఆగి ఆగి ఉమ్ముతుంది. పక్కన థిన్నర్‌లో తడిపిన ఇయర్ బడ్ పెట్టుకుని మధ్యమధ్యలో మొన తుడవాలి, రిటార్డర్ (రంగు ఆరడాన్ని ఆలస్యం చేసేది) ఒకటి రెండు చుక్కలు కలపాలి. సీలింగ్ ఫ్యాన్ ఆపాల్సిందే, అది ఎండబెట్టేస్తుంది, దుమ్ము కూడా తెస్తుంది. మేలో నేను తెల్లవారుజామున పని చేస్తా.

పలమనేరు_పట్టాలు:
కరెంటు గురించి ఒక మాట చేర్చనా. నేను రైళ్లు, హెచ్ఓ స్కేల్, 1/87. మా పల్లెలో సాయంత్రం వోల్టేజ్ పడిపోతుంది, మోటార్ మొదలవ్వలేక గుర్రుమంటుంది. అలా గుర్రుమన్నప్పుడు వెంటనే స్విచ్ తీసేయాలి, లేకపోతే మోటార్ వైండింగ్ కాలిపోతుంది. ట్యాంకులో గాలి మొత్తం వదిలేసి మొదలుపెడితే సులభంగా ఎత్తుకుంటుంది. ఇన్వర్టర్ మీద నడపాలంటే సైన్ వేవ్ రకమైతే ఫరవాలేదు, స్క్వేర్ వేవ్‌ది అయితే మోటార్ ఊరికే వేడెక్కుతుంది. రేణిగుంటలో మీకు ఈ బాధ ఉండకపోవచ్చు, చదివే పల్లెల వాళ్ల కోసం రాశా.

గ్రీమ్స్‌పేట_క్లినిక్:
నేను పళ్ల డాక్టర్ని, యుద్ధ ట్యాంకుల మోడళ్లు చేయడం హాబీ. మాస్కు గురించి అందరూ ఒక మాట అని వదిలేస్తున్నారు, అందుకని రాస్తున్నా.

ఎన్95 దుమ్ముని, రంగు తుంపరని ఆపుతుంది. థిన్నర్ ఆవిరిని ఆపదు. వాసన వస్తోందంటే అది లోపలికి పోతోందని అర్థం. లాకర్ వాడేవాళ్లకి ఆర్గానిక్ వేపర్ కార్ట్రిడ్జ్ ఉన్న రబ్బరు మాస్కే కావాలి, పెయింటర్ల సామాను అమ్మే షాపుల్లో దొరుకుతుంది. కార్ట్రిడ్జ్ వాడిన తర్వాత జిప్ కవర్లో గట్టిగా మూసి పెట్టాలి, బయట పెడితే గదిలో ఉన్న ఆవిరినే పీల్చుకుంటూ అయిపోతుంది. గడ్డం ఉంటే మాస్కు అంచు సరిగ్గా అతకదు, ఇది మా వృత్తిలో కూడా చూస్తుంటాం. నీళ్ల అక్రిలిక్ అయితే హాని లేదనుకోవడం కూడా సరికాదు, రంగు పొడి ఊపిరితిత్తుల్లోకి పోవడానికి అది నీళ్లదా నూనెదా అని చూడదు, దానికి ఎన్95 అన్నా పెట్టుకోవాలి.

వంటింట్లో, దీపం వెలిగే పూజగది పక్కన లాకర్, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కొట్టొద్దు. రెండూ గబుక్కున అంటుకునేవే. పై వాటాలో ఉంటున్నావు కాబట్టి కిటికీ పక్కన బాక్సు, అందులో ఎగ్జాస్ట్ ఫ్యాను, బయటికి పైపు. మామూలు బాత్రూమ్ ఫ్యాను నీళ్ల అక్రిలిక్ వరకు వాడొచ్చు. లాకర్ మాత్రం మేడ మీద కొట్టు.

నీ 12 వేలలో మాస్కు కూడా ఉందన్నావు, అందుకు సంతోషం. దాన్ని చివరికి వదిలేయకు.

రేణిగుంట_రెక్కలు:
డాక్టర్ గారూ, చాలా థాంక్స్. అయితే లాకర్ వద్దనుకుంటున్నా, ఇంట్లో చిన్న పాప ఉంది. నీళ్ల రంగుల్లో లోహం మెరుపు వస్తుందా? వాయెహో మెటల్ కలర్ అని ఒకటి చూశా.

భవానీనగర్_72:
వస్తుంది. వాయెహో మెటల్ కలర్ అచ్చంగా ఎయిర్‌బ్రష్ కోసం చేసిందే, థిన్నర్ కలపకుండా సీసాలోంచి నేరుగా పోసుకోవచ్చు, లోహపు రేణువులు చాలా సన్నగా ఉంటాయి కాబట్టి 0.3లో సాఫీగా పోతుంది. వాసన కూడా పెద్దగా ఉండదు. అసలు రహస్యం దాని కింద వేసే గ్లాసీ బ్లాక్‌లో ఉంది. ఆ నలుపు అద్దంలాగా ఉంటేనే పైన లోహం లోహంలా ఉంటుంది, గరుకుగా ఉంటే వెండి పెయింటులా ఉంటుంది. నలుపు పూర్తిగా ఆరనివ్వు, రాత్రంతా వదిలేయడం మంచిది. గీరలు, అతుకుల గీతలు కూడా లోహం రంగులో ఇంకా ఎక్కువ కనబడతాయి కాబట్టి ఇసుక కాగితం పని ముందే పూర్తిచేసుకో.

ఒక జాగ్రత్త, వాయెహో రంగుల్లో ఐసోప్రొపైల్ ఆల్కహాల్ కలపొద్దు, జిగురులా గడ్డకట్టి నాజిల్లో కూర్చుంటుంది. టమియా అక్రిలిక్‌కైతే అదే ఆల్కహాల్ చక్కగా పనిచేస్తుంది, లేదా వాళ్ల ఎక్స్-20ఏ థిన్నర్. రెండు కంపెనీల రంగులు ఒకదాని వెంట ఒకటి వాడితే మధ్యలో కప్పు శుభ్రంగా కడగాలి.

పెన్ను విషయంలో నా అభిప్రాయం మారలేదు, నీ డబ్బు నీ ఇష్టం.

చిత్తూరు_చక్రాలు:
తమ్ముడూ, పైపు మరల సంగతి ఎవరూ చెప్పలేదు. చాలా పెన్నులకి హోస్ మర 1/8 బీఎస్‌పీ ఉంటుంది. ఏఎస్-186 వైపు కూడా 1/8 పైపే వస్తుంది, కాబట్టి నీకు ఇబ్బంది లేదు. వేరే కంప్రెసర్ అయితే 1/4 ఉంటుంది, ఏ హార్డ్‌వేర్ షాపులోనైనా ఇత్తడి రెడ్యూసర్ దొరుకుతుంది, టెఫ్లాన్ టేపు రెండు చుట్లు చుట్టి బిగించుకో. బ్యాడ్జర్, పాషే పెన్నులకి మాత్రం వాళ్ల సొంత మర, అడాప్టర్ కావాలి. సెకండ్ హ్యాండ్‌లో అవి కొనేవాళ్లు ముందే అడగండి. లీకు చూడ్డానికి సబ్బు నురుగు పూసి చూస్తే చాలు.

రేణిగుంట_రెక్కలు:
ఆర్డర్ పెట్టేశా. 3 లీటర్ల ట్యాంకుతో ఏఎస్-186, 130 రకం 0.3 పెన్ను, దానికి అదనంగా ఒక నాజిల్, నీడిల్ జత, పెన్ను కింద పెట్టే చిన్న ట్రాప్. కార్ట్రిడ్జ్ మాస్కు గాంధీ రోడ్డులో తెచ్చుకుంటా. వాయెహో మెటల్, గ్లాసీ బ్లాక్ చెన్నైలో ఉన్న మా బావ సప్తగిరిలో వస్తూ తెస్తానన్నాడు. మొత్తం 12 వేలలోనే వచ్చింది, రంగులు కాకుండా. ఒక్క చివరి ప్రశ్న: రాత్రి పని అయిపోయాక ప్రతిసారీ పెన్ను మొత్తం విప్పి కడగాలా? మరుసటి రోజు ఆఫీసు ఉంటుంది.

కొర్లగుంట_కిట్లు:
అక్కర్లేదు. రంగు మార్చేటప్పుడు కప్పులో క్లీనర్ పోసి, నాజిల్ ముందు టిష్యూ అడ్డం పెట్టి మెల్లగా గాలి వదులు, కప్పులోకి బుడగలు వెనక్కి వస్తాయి, ఇరుక్కున్న రంగు దాంతో కదిలి వచ్చేస్తుంది. అది పారబోసి, నీళ్లు రంగులేకుండా వచ్చేదాకా కొట్టు. ఆ రోజు పని పూర్తయ్యాక ఇదే చేసి, ఆపైన నీడిల్ మాత్రం వెనక్కి తీసి తుడిచి మళ్లీ పెట్టు. ముందు కడిగి ఆ తర్వాతే నీడిల్ లాగు, లేకపోతే రంగు వెనకాల సీల్ దాకా పోతుంది. కప్పు అడుగున పళ్ల సందులు తోముకునే చిన్న బ్రష్ బాగా పనిచేస్తుంది. నాజిల్ విప్పడం రంగు సరిగ్గా రాకపోతేనే, లేదంటే నెలకోసారి.

నలుపు 18 దగ్గర కొట్టు, ముందు రెండు పల్చటి పూతలు, చివరిది కాస్త తడిగా. మెటల్‌కి 12–15కి దించు, చెయ్యి ఆపకుండా కదుపుతూ. రెక్క అడుగు భాగంతో మొదలుపెట్టు.